కరిగిన చెంబులు, కరగని పెంకులు

రాజుల చరిత్రకు శాసనాలు ఉన్నవి. దేవాలయాల చరిత్రకు స్థలపురాణాలు ఉన్నవి. సామాన్యుడు దాహమైనప్పుడు ఎటువంటి పాత్రతో నీళ్ళు త్రాగినాడో, వాని ఇల్లాలు వంటింటిలో ఏయే పనిముట్లు వాడినదో చెప్పడానికి మాత్రం ఏ రాజూ శాసనం వేయించలేదు. ఆ సంగతి తెలిసికొనవలెనంటే పాత ఊళ్ళ పెంటదిబ్బలు తవ్వి చూడవలసినదే. పురావస్తు పరిశోధకులు ఎండలో కూర్చుండి చిల్లపెంకులను ఏరి, కడిగి, ఒక్కొక్కదానిమీద అంకె వేసి భద్రపరచేది ఇందుకే. దారినపోయేవారికి అది పనిలేనివారి పనిగా కనబడుతుంది.

పెన్న సముద్రంలో కలిసే చోటికి అటూ ఇటూ, దక్షిణాన పులికాట్ సరస్సు దాకా పరచుకొన్న పాత నెల్లూరు జిల్లా తీరంలో ఇటువంటి పెంకులు చాలా కాలంనుంచి దొరుకుతున్నవి. రెండువేల ఏండ్లుగా ఓడలు వచ్చిన తీరం ఇది. ఓడతోపాటు సరకు, సరకుతోపాటు క్రొత్తరకం పాత్రలు వచ్చినవి. వాటిలో కొన్నిటిని మనవారు చూచి ముచ్చటపడి ఇంటిలో పెట్టుకొన్నారు. కొన్నిటిని చూచి ముక్కుమీద వేలు వేసికొని వాకిటనే ఉంచినారు. ఆ చరిత్రను చెప్పబోయేముందు ఒక మాట మనవి చేయవలసి ఉన్నది. పాత్రలు రెండు విధాలు, కరిగేవి, కరగనివి. బంగారం, వెండి, రాగి, ఇత్తడి కరుగుతవి. మన్ను ఒకసారి కాలిన పిమ్మట మరి కరగదు; పగిలితే పగులుతుంది గాని పెంకుగా నిలిచే ఉంటుంది. కాబట్టి విలువైన పాత్రల చరిత్ర కంసాలి కుంపటిలోనూ కంచరి మూసలోనూ పోయినది. కాసుకు కొరగాని పెంకుల చరిత్ర మనకు మిగిలినది.

ఇందుకు మొదటి సాక్ష్యం నెల్లూరులోనే ఉన్నది. 1786లో నెల్లూరు సమీపంలో ఒక రైతు రాతిగుట్ట ప్రక్కన దున్నుతూ ఉండగా నాగలికి ఇటుక కట్టడం అడ్డు తగిలినది. తవ్విచూస్తే అది చిన్న గుడి శిథిలం. దాని క్రింద ఒక చిన్న ముంత, ముంతనిండ బంగారు నాణేలు. అవి రోమక చక్రవర్తుల నాణేలు, క్రీస్తుశకం రెండవ శతాబ్దంనాటివి. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల ముద్రలు, ఫాస్టీనా అనే రాణి ముద్ర వాటిమీద ఉన్నవి. పాపం, ఆ రైతుకు ట్రాజన్ ఎవరో ఏమి తెలుసు? పాతబంగారం క్రింద అమ్మివేసినాడు. చాలా నాణేలు కరిగిపోయినవి. మిగిలినవాటిలో కొన్ని ఆర్కాటు నవాబు కుమారుడు అమీరుల్ ఉమరా చేతికి వచ్చినవి. అంతకుముందు చెన్నపట్నం గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండరు డేవిడ్‌సన్ వాటిని చూచి, కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీకి ఉత్తరం వ్రాసినాడు. అది ఆ సంఘంవారి పరిశోధన సంపుటాల రెండవదానిలో అచ్చయినది. కొన్ని నాణేలు ఆనాడే టంకశాలనుంచి వచ్చినట్లు మెరుస్తున్నవనీ, కొన్నిటికి ఆభరణంగా ధరించడానికి రంధ్రాలు పొడిచి ఉన్నవనీ ఆ ఉత్తరం చెబుతుంది. నాణేలమీద ఉన్న ముఖాలను గురించి అంత శ్రద్ధ చూపినవాడు ముంతను మాత్రం చిన్నదని చెప్పి విడిచిపెట్టినాడు. ఆ కాలపు పండితులకు కరిగే వస్తువుమీదనే చూపు.

ఆ బంగారం ఇక్కడికి రావడానికి కారణం మన మిరియాలు, నూలుబట్టలు, ముత్యాలు. ఆ ఓడలమీదనే మధ్యధరా దేశాల ద్రాక్షసారా కూడా వచ్చేది. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన ఎరిత్రియన్ సముద్ర యాత్రాగ్రంథంలో మన మచిలీపట్నం ప్రాంతపు బట్టల ప్రస్తావనా ఉన్నది, పడమటి రేవులకు వచ్చే ఇటలీ మద్యం ప్రస్తావనా ఉన్నది. ఈ మద్యం తెచ్చే జాడీ వింత జాడీ. పొడుగాటి మెడ, రెండు చెవులు, అడుగుభాగం మాత్రం బొంగరంవలె కోసుగా ఉంటుంది. నేలమీద నిలబడని పాత్ర ఎందుకని మనకు తోచవచ్చు. ఓడ అడుగున ఇసుకలో గ్రుచ్చి, వరుసగా ఒకదానినొకటి ఆనించి పేర్చడానికి అదే అనుకూలం. వంచి పోసేటప్పుడు ఆ కోసే రెండవచేతికి పిడి అవుతుంది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ జరిపిన తవ్వకాలలో ఈ జాడీల ముక్కలు దొరికినవి.

నేలమీద నిలువని పాత్రలను గురించి ఒక ముచ్చట చెప్పవలె. మనం కాఫీకి వాడే టంబ్లరు అనే మాటకు ఇంగ్లీషులో అసలు అర్థం దొర్లిపోయేది అని. మొదట ఆ పేరుగల పాత్రకు అడుగు గుండ్రంగానో కోసుగానో ఉండేది. చేతిలోకి తీసికొన్నవాడు పూర్తిగా త్రాగేదాకా క్రింద పెట్టడానికి వీలులేదు. త్రాగుబోతుల వేడుకకు పుట్టిన ఆ దొర్లుడు పాత్ర, అడుగు చదునై, పరమసాత్త్వికంగా మన ఇండ్లలో కాఫీ పాత్ర అయినది. మన కుండలకు కూడా అడుగు గుండ్రమే గదా అనవచ్చు. నిజమే. అయితే మనవారు దానికి చుట్టకుదురు కనిపెట్టి కూర్చుండబెట్టినారు.

అరికమేడులో మరొక రకం పళ్ళెపు పెంకులు కూడా దొరికినవి. పలుచని మన్ను, నున్నని మెరుగు, పళ్ళెం నడుమ చిన్నచిన్న గీతలతో వలయాలు. ఇంత నాజూకైన పని రోమకులదే అయి ఉంటుందని వీలర్ తలచినాడు. తూర్పుతీరం పొడవునా ఇటువంటి పెంకులు దొరికిన పిమ్మట, మట్టిని పరీక్షించిన పిమ్మట, అవి మన దేశపు కుమ్మరులు చేసినవేనని 20వ శతాబ్ది చివరి దశకాలలో తేలినది. మన కుమ్మరి పనితనాన్ని అతని సొంత తీరంలోనే విదేశీయుడికి అంటగట్టడం కొంచెం విచిత్రమే.

ఇక మన పాత్రలలోని అసలు చమత్కారం దగ్గరకు వద్దాం. మన దేశంలో పాత్ర రూపాన్ని నిర్ణయించినది దాహం ఒక్కటే కాదు, ఎంగిలి కూడా. పెదవి తగిలితే పాత్ర ఎంగిలి అవుతుంది. అందుచేత ఎత్తి పోసికొనడానికి వీలుగా పాత్రకు కొమ్ము మొలిచినది. గిండిచెంబు అట్లా పుట్టినదే. సంస్కృతంలో దీనికి సోదరి కుండిక. బౌద్ధ భిక్షువులు దీనిని వెంటబెట్టుకొని దేశాలు తిరిగినారు. 671లో చైనానుంచి బయలుదేరి నలందలో చదివిన యిజింగ్ అనే భిక్షువు నీటిపాత్రల కోసమే తన గ్రంథంలో ఒక ప్రకరణం కేటాయించినాడు. మట్టిపాత్రలోని నీరు త్రాగడానికి, లోహపాత్రలోని నీరు కాలుసేతులు కడుగుకొనడానికి అని ఆయన భేదం చెప్పినాడు. ఈ కుండికయే మలయా, జావా దీవులకు పోయి కెండి అయినది. అక్కడి జనం దానిమీద పడ్డ మోజు చూచి చైనా కుమ్మరులు పింగాణితో కెండీలు చేసి ఓడలకెత్తినారు. మన కొమ్ముపాత్ర ఇట్లా సముద్రం దాటి, పేరు మార్చుకొని, చైనా కొలిమిలో కాలినది.

చైనా సరకు మన తీరానికి కూడా వచ్చినదనడానికి చిల్లపెంకులే సాక్ష్యం. పాత నెల్లూరు జిల్లాలో గూడూరుకు తూర్పుగా సముద్రపుటొడ్డున కొత్తపట్నం అనే ఊరు ఉన్నది. అక్కడి ఇసుకదిబ్బలలో 13, 14 శతాబ్దాల చైనా పింగాణి పెంకులు దొరికినవి. జపాను చరిత్రకారుడు నొబొరు కరషిమ మొదలైనవారు దక్షిణ భారతంలోనూ సింహళంలోనూ ఇటువంటి పెంకులను వెదకుతూ తీరమంతా నడచినారు. వారు కూర్చిన గ్రంథం 2004లో వెలువడినది. తీరంలోని చైనా పెంకులలో లేత తమలపాకు వన్నెగల లోంగ్‌చువాన్ పాత్రలవి ముఖ్యమైనవి. ఈ పచ్చని పాత్రలో విషం పోస్తే పాత్ర పగులుతుందనో రంగు మారుతుందనో పశ్చిమాసియా ప్రభువులు నమ్మి, వాటిని పోటీపడి కొనేవారు. నమ్మకం ఉత్తదే. చైనా వర్తకుడు మాత్రం దానిని ఖండించినట్లు కనబడదు.

ఆ కాలంలో నెల్లూరును తెలుగుచోడులు ఏలుతున్నారు. తిక్కనసోమయాజి మంత్రిగా ఉన్న మనుమసిద్ధి ఆ వంశంవాడే. కృష్ణపట్నం రేవుకు వారి బిరుదుమీదనే గండగోపాలపట్టణమనే పేరు కలిగినది. కొంచెం ఉత్తరాన మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ప్రసిద్ధమైనది. పూర్వపు రాజులు గాలివానకు ఒడ్డునబడ్డ ఓడల సరకును లాగుకొనేవారు. ఆ దోపిడీని మాన్పి, సుంకం మాత్రమే పుచ్చుకొంటానని గణపతిదేవుడు వర్తకులకు అభయమిచ్చినాడు. ఆ సుంకాల పట్టికలో చీనికర్పూరం, పన్నీరు, పగడాలతోపాటు రాగి, తుత్తునాగం, సీసం ఉన్నవి. రాగిలో తుత్తునాగం కలిపితేనే ఇత్తడి. అంటే తెలుగు కంచరి చేతిలోని చెంబు కూడా కొంతవరకు ఓడ దిగివచ్చినదే.

పింగాణి వచ్చినది సరే, మన వంటింటిలో అది ఎక్కడ కూర్చున్నది? త్రాగే గిన్నెగా కాదు, ఊరగాయ జాడీగా. దీనికి కారణం మళ్ళీ ఎంగిలియే. ఇత్తడిని చింతపండుతోనూ బూడిదతోనూ తోమితే శుద్ధి అవుతుందని మనవారి మతం. మట్టికి ఆ శుద్ధి లేదు, ఎంగిలిపడితే పారవేయవలసినదే. గ్రహణానికి, పురుడుకు, మైలకు పాతకుండలు వాకిట పగులగొట్టేవారు. పింగాణి ఎంత మెరిసినా మట్టి జాతిదే గనుక దానికి పెదవి తగిలించడానికి ఆచారపరులు ఇష్టపడలేదు. కాని ఉప్పు, పులుపు దానిని తినవు. ఇత్తడిలో ఆవకాయ పెడితే చిలుము పట్టి విషమవుతుంది. ఆ గుణం గ్రహించి మన స్త్రీలు జాడీని లోపలికి రానిచ్చి, మూతికి గుడ్డ కట్టి, అటకమీద పీట వేసినారు. పురాణ పండితులకంటె ఈ విషయంలో వంటింటివారిదే నిశితమైన బుద్ధి. చరిత్రకారుడికి కూడా ఇందువల్ల ఒక లాభం కలిగినది. మట్టిపాత్రను తరచుగా పారవేయవలసి రావడంవల్లనే మన దిబ్బలలో అన్ని పెంకులు పోగుపడినవి.

17వ శతాబ్దంలో డచ్చివారూ ఇంగ్లీషువారూ వచ్చినారు. డచ్చివారు పులికాట్‌లో స్థిరపడినారు. ఇంగ్లీషువారు దానికి ఉత్తరాన దుగరాజపట్నంలో 1626 ప్రాంతంలో ఠాణా వేసి, చిన్న కోట కట్టుకొన్నారు. వారి కాగితాలలో దాని పేరు ఆర్మగాన్. అక్కడ అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే యే 1639లో మద్రాసుపట్నం నేలను సంపాదించినవాడు. ఈ గిడ్డంగులలోని కుర్ర గుమాస్తాలకు ఎండ ఎక్కువ, పని తక్కువ. బీరు ఇంగ్లండునుంచి వచ్చేసరికి పులిసిపోయేది. వారు స్థానికమైన సారాయిలో చక్కెర, నిమ్మరసం, నీళ్ళు, సుగంధద్రవ్యం కలిపి పంచ్ అనే పానీయం చేసికొన్నారు. ప్రపంచంలో ఆ పానీయం పేరు మొదటిసారి కాగితంమీద కనబడేది 1632 సెప్టెంబరులో వ్రాసిన ఒక ఉత్తరంలో. ఆ ఉత్తరం వెళ్ళినది మరెక్కడికో కాదు, మన తీరానికే. నెల్లూరికి ఉత్తరాన వారు పెట్టపోలి అని పిలిచిన నిజాంపట్నంలోని కంపెనీ వర్తకునికి అది వ్రాయబడినది. మీరందరూ కలసిమెలసి ఇల్లు చక్కబెట్టుకోండి, పంచ్ మాత్రం త్రాగకండి అన్న ధోరణిలో స్నేహితుడు చేసిన హితవు అది. 1673లో మచిలీపట్నంలో ఓడ దిగిన జాన్ ఫ్రయర్ అనే వైద్యుడు, అయిదు వస్తువులు కలిపేది గనుక పంచ అనే దేశీయ పదంనుంచి ఆ పేరు వచ్చినదని తన గ్రంథంలో చెప్పినాడు. పీపాకు ఇంగ్లీషులో ఉన్న ఒక పేరునుంచి వచ్చినదని వాదించేవారు కూడా ఉన్నారు. నాకు ఫ్రయర్ మాటయే సహజంగా తోస్తున్నది.

ఈ పానీయంతో ఒక క్రొత్త పాత్ర పుట్టినది. అందరూ చుట్టూ కూర్చుండి ముంచుకొని త్రాగే పెద్ద గిన్నె. 18వ శతాబ్దంలో చైనాలోని కాంటన్ రేవులో ఇంగ్లీషువారి ముచ్చటకోసం ఓడల బొమ్మలు, వేటకుక్కల బొమ్మలు వేసిన పంచ్ గిన్నెలు తయారయ్యేవి. ఒకే గిన్నె చుట్టూ పదిమంది చేరి, ఒకే గరిటెతో ముంచుకొనడం! అదే కాలంలో అదే తీరంలో మనవారు పెదవి తగులకుండా ఒక్కొక్కరు విడిగా ఎత్తి పోసికొనేవారు. రెండు నాగరికతల భేదాన్ని గ్రంథాలు వ్రాసి వివరించినవారికంటె ఈ రెండు పాత్రలు బాగా చెబుతున్నవి.

అయితే ఎత్తి పోసికొనే అలవాటుకు వేరొక ముఖం ఉన్నది. ఈ ప్రసంగం పాత్రల వినోదాన్ని గురించినదే అయినా దానిని చెప్పకుండా దాటితే చరిత్ర చెప్పినట్లు కాదు. ఎంగిలి అంటకుండ పోసికొనే కొమ్ముచెంబు ఒకరి చేతిలో ఉండగా, మరొకరికి చెంబే ఉండేది కాదు. అస్పృశ్యులని దూరం ఉంచినవారు బావి దగ్గర ఎవరైనా దయతలచి పోసేదాకా నిలుచుండి, దోసిలి పట్టి త్రాగవలసి వచ్చినది. దోసిలి కూడా ఒక పానపాత్రయే. కాని దానిని పట్టినవాడు వంగవలె, పోసేవాడు నిటారుగా నిలువవలె. రాజ్యాంగం 1950లో అంటరానితనాన్ని రద్దుచేసినది. 1955లో దానిని శిక్షించే చట్టం వచ్చినది. నెల్లూరులోనే మూలపేట వేణుగోపాలస్వామి ఆలయంలో హరిజనులకు ప్రవేశం కలిగించవలెనని పొట్టి శ్రీరాములుగారు 1946లో నిరాహారదీక్ష పూనినారు. గుడి తలుపులు తెరచిన తరువాత కూడా ఎన్నో పల్లెలలో టీ అంగళ్ళ చూరున వేరుగా ఒక గ్లాసు వ్రేలాడుతూనే ఉండేది. ఆ గ్లాసులను ఏ ప్రదర్శనశాలా సేకరించినట్లు లేదు. సేకరించవలసినవి.

మళ్ళీ ఇత్తడి దగ్గరకు వద్దాం. మన కంచరుల ప్రతిభకు పరాకాష్ఠ మరచెంబు. చెంబు మెడకు వెలుపల మరలు, మూతకు లోపల మరలు. బిగిస్తే చుక్క కారదు. మూత విప్పితే అదే గిన్నె, అందులో పోసికొని త్రాగవచ్చును. ఎడ్లబండి కుదుపులకు, పడవ ఊపుకు నీళ్ళు తొణకకుండ ఉండవలె, దారిలో ఇతరుల పాత్ర ముట్టకుండ ఉండవలె. ఈ రెండు అవసరాలూ కలిసి మరచెంబును కన్నవి. మర అనేది మన దేశంలో ఆలస్యంగా ప్రబలిన యంత్రం. 17వ శతాబ్దంలో మన లోహకారులు మర పుట్టించడానికి చీల చుట్టూ తీగ చుట్టి అతికేవారని చరిత్రకారులు చెబుతారు. అట్లాంటి మరను గుండ్రని మెడమీద నీరు కారకుండ కుదర్చడం మాటలు కాదు. ఇదే మర జంతికల గొట్టంలోనూ దూరినది. గొట్టం తలను త్రిప్పుతూ ఉంటే పిండి బిళ్ళ రంధ్రాలగుండా నూనెలోకి దిగుతుంది. రెండుచేతులా ఒత్తి చేతులు పడిపోయిన ఇల్లాలికి అది ఎంత ఉపకారమో చెప్పనక్కరలేదు.

నెల్లూరు తీరంలో మరచెంబుకు మంచి పని కల్పించినది బకింగ్‌హాం కాలువ. చెన్నపట్నంనుంచి పులికాట్ మీదుగా, సముద్రానికి సమాంతరంగా పెదగంజాం దాకా త్రవ్విన ఉప్పుకాలువ ఇది. 1876–78 కరవులో కూలి లేక అలమటిస్తున్న జనానికి పని కల్పించడానికి దీనిని విరివిగా త్రవ్వించి, అప్పటి గవర్నరు పేరు పెట్టినారు. ఉప్పు, కట్టెలు, ధాన్యం, మనుష్యులు దీనిమీదనే పోయేవారు. పడవకు ఇరువైపులా కనుచూపుమేర నీళ్ళే, ఒక్క పుడిసెడు కూడా త్రాగడానికి పనికిరాదు. అటువంటి ప్రయాణంలో మూత ఊడని చెంబు ఎంతటి నెచ్చెలియో ఊహించుకోవచ్చును.

ఇత్తడిపని వినోదానికి కూడా దిగినది. ఉత్తరాది కంచరులు చేసే వసుదేవుని గిన్నె ఒకటి ఉన్నది. గిన్నె నడుమ శిశువైన కృష్ణుని ఎత్తుకొన్న వసుదేవుడు నిలుచుండి ఉంటాడు. నీళ్ళు పోస్తూ ఉంటే యమున పొంగినట్లు మట్టం పెరుగుతుంది. బాలుని పాదం తాకగానే నీరంతా గడగడ అడుగునుంచి దిగిపోతుంది. చూచేవారికి మహిమవలె ఉంటుంది. విగ్రహంలోపల వంచిన గొట్టం ఒకటి దాగి ఉన్నది. దాని ఒక కొస గిన్నెలోపల అడుగున, రెండవ కొస గిన్నె క్రింద. నీరు గొట్టపు వంపును దాటినంతనే తన బరువుతో తాను లాగుకొని పోతుంది. గ్రీకులు ఇదే సూత్రంతో గిన్నె చేసి, అత్యాశతో నిండుగా పోసికొన్నవానికి ఒక్క చుక్క మిగులకుండ చేసేవారు. ఇంగ్లండు సత్రాలలో మెడ అంతా రంధ్రాలుగల కూజా ఉండేది. పిడిలో దాగిన గొట్టం రహస్యం తెలియనివాడు త్రాగబోతే బట్టలు తడిసేవి. గ్రీకువాడు నీతి చెప్పడానికి, ఇంగ్లీషువాడు తోటివానిని ఏడిపించడానికి, మనవాడు కథ చెప్పడానికి ఒకే వంపుగొట్టాన్ని వాడినారు.

రైలుబండ్ల కాలంలో ఊరూరా వచ్చిన వింతసీసా గోలీసోడా. ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనేవాడు 1872లో దీనికి హక్కుపత్రం పొందినాడు. బిరడా అక్కరలేదు. సీసా మెడలో గాజుగోలీ, మూతిలో రబ్బరు వలయం. తలక్రిందులుగా పెట్టి గ్యాసుతో నింపితే లోపలి వాయువే గోలీని మూతికి నొక్కిపెడుతుంది. వ్రేలితో గోలీని లోపలికి నొక్కితే కీచుమని కూసి సోడా పొంగుతుంది. సీసా మెడకు రెండు నొక్కులు ఉంటవి. వంచినప్పుడు గోలీ వాటిలో ఆగుతుంది. వానిని తెలియక వేరొక ప్రక్కకు వంచినవాడికి గోలీ అడ్డుపడి దాహం తీరదు. ఇతర దేశాలలో లోహపు మూత వచ్చి దీనిని తరిమివేసినది. జపానులో మాత్రం రామునే అనే పానీయం నేటికీ గోలీసీసాలోనే వస్తున్నది. మన దేశంలో ఇది ఇంతకాలం నిలువడానికి కారణం చౌక ఒక్కటేనా? పెదవి తగులకుండ ఎత్తి పోసికొనడానికి ఆ సన్నని మూతి గిండి కొమ్ములాగే పనిచేసినది. సీసా పగిలితే గోలీ పిల్లలదని వేరే చెప్పాలా!

పేర్ల విషయంలో మనవారి ఉదారత చూడదగినది. గ్లాసు అంటే గాజు. మనకు ఇత్తడి గ్లాసు ఉన్నది, వెండి గ్లాసు ఉన్నది, స్టీలు గ్లాసు ఉన్నది. సిలవరు అంటే వెండి. మనకు సిలవరు గిన్నె అంటే అల్యూమినియం గిన్నె. ఈ సిలవరు మన వైపు రావడానికి ఆద్యుడు ఆల్‌ఫ్రెడ్ చాటర్‌టన్. చెన్నపట్నం కళాశిల్ప పాఠశాలలో ఆయన 1898లో అల్యూమినియం పాత్రల తయారీ ప్రారంభించినాడు. తేలికైన పాత్ర, కళాయి అక్కరలేదు. ఇత్తడికి దెబ్బ అక్కడ తగిలినది. 1960ల తరువాత స్టెయిన్‌లెస్ స్టీలు ఇల్లిల్లూ చేరడంతో ఆ దెబ్బ ప్రాణాంతకమైనది. స్టీలుకు చిలుము పట్టదు, పులుపు అంటదు, చింతపండుతో తోమనక్కరలేదు. వీధిలో కుంపటి పెట్టి తిత్తి ఊదుతూ పాత్రలకు కళాయి వేసేవాని కేక క్రమంగా వినబడకుండా పోయినది. తోమి తోమి అరచేతులు పగిలిన స్త్రీలు స్టీలును ఆహ్వానించినారంటే తప్పుపట్టే హక్కు, ఏనాడూ తోమనివారికి లేదు.

కాని బదులు ఇచ్చినదేమిటి? స్టీలు సామాను అమ్మేవాడు పాత ఇత్తడిని తూకం వేసి తీసికొనేవాడు. తూకానికి మరచెంబూ ఒకటే, పగిలిన గంటా ఒకటే. మర ఎంత నేర్పుగా కుదిరినదో త్రాసు చెప్పదు. 1786లో ఆ రైతు ట్రాజన్ చక్రవర్తిని పాతబంగారం క్రింద అమ్మినట్లే మన ఇండ్లవారు తాతగారి కాశీప్రయాణపు చెంబును పాతయిత్తడి క్రింద అమ్మినారు. మరచెంబు పేరు నిఘంటువులలో ఉన్నది. దానిని చేతితో పోసి, మర కుదర్చగల కంచరి ఏ ఊళ్ళో ఉన్నాడని అడిగితే సమాధానం చెప్పడం కష్టమవుతున్నది. పాత్ర కరిగితే మరొకటి పోయవచ్చును; చేతిపని కరిగితే పోయడానికి మూస లేదు. ఇంకా ఏ ఇంటి అటకమీదనైనా ఒకటి మిగిలి ఉంటే, కనీసం దాని బొమ్మ గీసి, కొలతలు తీసి, మరను ఎట్లా అతికినారో చూచి వ్రాసిపెట్టడం జరగవలసిన పని. గూడూరు దిబ్బల చిల్లపెంకుకు జరిగినపాటి మర్యాదయినా దానికి జరగవద్దా?

కొయ్యకు అదృష్టం కొంచెం మెరుగు. జిల్లాకు పడమటి అంచున ఉదయగిరి దుర్గం క్రింద నర్ది, బిక్కి మొదలైన అడవికొయ్యలతో గరిటెలు, చెంచాలు, ఫలహారపు ముళ్ళు చెక్కే కుటుంబాలు ఉన్నవి. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. కొయ్య కరగదు గాని కాలుతుంది, చెదలు తింటుంది. కాబట్టి పూర్వపు గరిటెలు మనకు దొరకవు. తాటితోపులలో కల్లు త్రాగడానికి మడిచే తాటాకు దొప్ప సంగతి చెప్పనే అక్కరలేదు. మడవడం, త్రాగడం, పారవేయడం, అంతా పూటలో సరి. ఎంగిలి సమస్యను ఇంత తేలికగా పరిష్కరించిన పాత్ర మరొకటి లేదు.

మట్టి మాత్రం వంటింటిని పూర్తిగా విడిచిపోలేదు. చింతపండు పులుసు, మామిడికాయ ముక్కలు వేసి నెల్లూరు చేపల పులుసు కాచడానికి ఈనాటికీ మట్టిచట్టియే మేలని ఆ తీరంలో చాలామంది అంటారు. పులుపు మట్టిని తినదు. చట్టి వేడిని పట్టి ఉంచుతుంది. మరునాటికి ముక్కకు పులుసు పడుతుంది. గ్యాసుపొయ్యిమీద కూడా ఆ చట్టి కూర్చుంటున్నది. పగిలిన రోజున దానిని ఎవరూ తూకానికి అడగరు. ఊరిబయట దిబ్బమీద, పూర్వపు పెంకులమీద, అదీ వెళ్ళి పడుతున్నది.